కాలిలోంచి మొలిచిన రెక్క

మా వీధి చివరి పార్కులో జంతువులన్నీ ఆకుపచ్చనివి. గేటు దాటగానే కుడిచేతి వైపు ఏనుగు, కాస్త లోపలికి వెళ్తే మెడలు వెనక్కి తిప్పి చూస్తున్న జింకలు, నీళ్ళ ట్యాంకు గోడకు ఆనుకుని కూర్చున్న ఎలుగుబంటి. అన్నీ బతికున్న మొక్కలే. తాము చెట్లమన్న సంగతి అవే మరిచిపోయేలా వాటిని కత్తిరించి నిలబెట్టేది కత్తెరక్క. ఆవిడ అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తెలిసుండాలి. పార్కులో చిన్నా పెద్దా అందరికీ కత్తెరక్కే. ఆవిడ ఇంటి పై వాటాలో మేము అద్దెకుంటాం కాబట్టి నాకు వట్టి అక్క. ఆవిడ మొగుడు బావ.

బావ దర్జీ. కింది వాటాలో వీధి వైపు గది ఆయన కుట్టుమిషనుది, వెనక గది ఇద్దరిదీ. ఆయన కత్తెర ఆవిడ ముట్టుకోకూడదు, ఆవిడ కత్తెర ఆయన ముట్టుకోకూడదు. కొమ్మ తగిలిన కత్తెర మళ్ళీ గుడ్డకు పనికిరాదని ఆయన బాధ. గుడ్డ కోసే కత్తెర కొమ్మ దగ్గర వంగిపోతుందని ఆవిడ వెటకారం.

"మా ఇంట్లో అన్నిటికీ రెండేసి కత్తెరలు మరదలా, అన్నం గిన్నె ఒక్కటే ఉమ్మడి" అనేవాడు బావ నన్ను చూసినప్పుడల్లా.

అక్క పార్కులో చేరింది ఊడ్చే పనికి. అప్పట్లో పెద్దమాలి అని ఒకాయన ఉండేవాడు. ఆయన నిచ్చెన మీద, ఈవిడ చీపురుతో కింద. ఆయన మాటకారి కాదు, ఏదీ నేర్పేవాడు కాదు. ఈవిడ రాలినదాన్ని చూస్తూ నేర్చుకుంది. "తలెత్తకుండానే చెప్పేదాన్ని చెల్లీ. లేత కొసలు పడితే చెవి దగ్గరున్నాడు, ముదురు కొమ్మ పడితే పొట్ట దగ్గరున్నాడు. రాలిందంతా మనసులో మళ్ళీ అతికించుకునేదాన్ని." పెద్దమాలికి మోకాళ్ళు సహకరించని రోజు వచ్చినప్పుడు ఆయన నిచ్చెన దిగి, కత్తెర ఈవిడ చేతికిచ్చి, చీపురు తను తీసుకున్నాడట. మాటేమీ లేదు. అదే అప్పగింత.

అయితే ఏనుగూ జింకలూ ఎలుగుబంటీ పెద్దమాలివి. ఆయన అనుకున్న రూపాన్ని చెదరకుండా చూడటమే అక్క పని. "పక్కింటి పిల్లలకి తల దువ్వినట్టుంటుంది" అనేది. "ముద్దుగానే ఉంటారు. కానీ సాయంత్రానికి వాళ్ళింటికి పోతారు."

ఒక్కటైనా తనది కావాలని ఆవిడ కోరిక. సూపర్‌వైజరు మంచివాడు, కాస్త భయస్తుడు. పార్కు మధ్యలో ఎండిపోయిన ఫౌంటెను పక్కన జాగా చూపించి, "గుర్రం వెయ్యండమ్మా, పిల్లలు ఇష్టపడతారు" అన్నాడు.

అక్క నాలుగు మొక్కలు నాటింది, కాలికొకటి. సన్న ఆకుల ఫైకస్, మర్రి జాతిది. ఆ మొక్కకు ఒక గుణం ఉంది. రెండు కాండాలను కాస్త గీకి, ఒకదానికొకటి ఆనించి గట్టిగా కట్టి వదిలేస్తే కొన్నాళ్ళకు బెరడు బెరడుతో కలిసి ఒకటే కాండమైపోతుంది. అలా నాలుగు మొక్కలనూ పైకి పెంచి, పొట్ట దగ్గర ముందువాటిని వెనకవాటితో ముడేసింది. కట్టడానికి బావ గదిలో మిగిలిన గుడ్డపీలికలే. తాడైతే బెరడు కోసుకుపోతుంది.

నేను ఈ సంగతి మొదట విన్నప్పుడు నమ్మలేదు. ఒకరోజు అక్క నన్ను ఆ పొట్ట కింద కూర్చోబెట్టి, ఆకులు పక్కకు తొలగించి చూపించింది. నాలుగు వైపుల నుంచి వచ్చిన నాలుగు కాండాలు అక్కడ ఒకదానిలోకి ఒకటి కరిగిపోయి ఉన్నాయి. అతుకు కోసం వేలితో తడిమాను. దొరకలేదు. నాలుగు చెట్లు భూమిలోంచి వేరువేరుగా లేచి, మోకాళ్ళు దాటాక ఒకే ప్రాణంగా మారడమేమిటి! అలాగే కూర్చుండిపోయాను.

"ఏంటి చెల్లీ, నిద్రొచ్చిందా?" అంది అక్క.

గుర్రం గుర్రంలాగానే పెరిగేది. కానీ ఫౌంటెనుకు అవతల వైపు మేడ ఒకటి లేచింది. ఆ పక్క ఎండ పోయింది. మెడ కొమ్మలు వెలుతురు వెతుక్కుంటూ ఇవతలికీ పైకీ సాగడం మొదలుపెట్టాయి. కత్తిరించినకొద్దీ ఇంకా పైకి. చివరికి అక్క కత్తెర దించింది. "ఎండ కావాలంటోంది. పోనీ" అంది.

తర్వాత వీపు మీద పిగిలిపిట్ట గూడు కట్టింది. గూటిలో పిల్లలుండగా ఆ చుట్టుపక్కల కత్తెర పెట్టడం అక్కకు చేతకాని పని. పిల్లలు ఎగిరిపోయేసరికి గూటి చుట్టూ ఆకు గుబురుగా లేచి మూపురంలా నిలిచింది. ఇక కత్తిరిద్దామనుకుంటుండగా మరో జంట వచ్చి అందులో చేరింది. మూపురం ఖాయమైపోయింది.

సూపర్‌వైజరు చుట్టూ తిరిగి చూశాడు. "గుర్రం అనుకున్నాం కదమ్మా..."

"గుర్రంగానే మొదలెట్టానండీ."

"మెడ చూస్తే జిరాఫీ. వీపు చూస్తే ఒంటె."

"దానికి తెలీదు కదండీ మనం ఏమనుకున్నామో."

ఇంటికొస్తే బావ ఊరుకుంటాడా? "చొక్కా ఇస్తానని కొలతలు తీసుకుని లంగా కుట్టి ఇస్తే నా మొహాన కొట్టి పోతారు. నీ సూపర్‌వైజరు దేవుడే!"

"నీ గుడ్డ రాత్రికి రాత్రి పెరిగి మోచెయ్యి బయటపెట్టిందా ఎప్పుడైనా? అప్పుడు మాట్లాడు."

కానీ అక్కకు లోపల్లోపల ఒక దిగులు పట్టుకుంది. గుర్రమైతే గుర్రాన్ని చూసి కత్తిరించవచ్చు. దీన్ని దేన్ని చూసి కత్తిరించాలి? అప్పటి నుంచి ఆవిడ కళ్ళు వీధిలో జంతువుల మీద పడ్డాయి. కుక్క పడుకోబోయే ముందు ముందుకాళ్ళు మడుస్తుందా, వెనకకాళ్ళు మడుస్తుందా? బరువెక్కువైన గేదె ఏ కాలు మీద ఒరుగుతుంది? మేక కొమ్మ అందుకోవడానికి నిక్కినప్పుడు వెన్ను ఎక్కడ వంగుతుంది? ఎప్పుడో చిన్నప్పుడు చూసిన ఒంటె నడకను గుర్తుచేసుకోవడానికి మెట్ల మీద కూర్చుని కళ్ళు మూసుకునేది.

"లేని జంతువే కావచ్చు చెల్లీ. దాని బరువు అది మొయ్యాలి కదా. మెడ అంత ముందుకి పోయాక ముందుకాళ్ళు ఎడంగా ఉండాలి, లేకపోతే ముక్కు నేలకి గుద్దుకుంటుంది."

"పరిగెడుతుందా అక్కా అది?"

చాలాసేపు ఆలోచించింది. తమాషాకు అడిగిన మాటకు అంతసేపు ఆలోచిస్తుందనుకోలేదు. "పరిగెత్తలేదు. మెడ ఊగిపోతుంది. నడుస్తుంది. ఒక పక్క కాళ్ళు రెండూ ఒకసారి, ఇంకో పక్కవి రెండూ ఒకసారి. ఇదిగో, ఇలా." అని లేచి, నడుం వంచి, మెడ సాచి వాకిట్లో నడిచి చూపించింది. ఆ కొంచెంసేపూ మా వాకిట్లో అక్క లేదు. ఎక్కడా లేని ఆ జంతువు తాపీగా ఇటు నుంచి అటు పోయింది. బావకు కొలతలిద్దామని వచ్చినాయన గుమ్మంలోనే ఆగి, దారి ఇచ్చి, తర్వాత లోపలికి వెళ్ళాడు.

ఆ తర్వాత ముందుకాళ్ళు ఎడం చేసింది. మెడ అడుగున మందం వదిలింది. తోక కోసం కొన్నాళ్ళు బల్లుల వెంట పడింది. అది నప్పినట్టు లేదు, మళ్ళీ కత్తిరించి పొట్టిగా ఉంచేసింది. ఇంతలో ఆ జంతువుకు దాని నిలుపు దానికి వచ్చేసింది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫౌంటెను వైపు నుంచి చూస్తే, చెవులు రిక్కించి ఏదో వింటున్నట్టు ఉండేది. దాని ముందు నుంచి పోయేవాళ్ళు గొంతులు తగ్గించేవారు. ఎందుకని అడిగితే వాళ్ళే చెప్పలేకపోయేవారు.

అలాంటి సమయంలో పార్కు గోడలకు సున్నం వేయించారు. పని అయ్యాక కూలీలు డబ్బాలు కడిగి, అడుగున మిగిలిన సున్నపు నీళ్ళు తీసుకెళ్ళి ఆ జంతువు ఎడమ ముందుకాలు మొదట్లో పారబోశారు. చెట్టు మొదట్లో నీళ్ళు పోయడం మంచిదేగా అనుకున్నారు పాపం.

మొదట గమనించింది గొట్టం బాబాయి. పార్కంతా నీళ్ళు పట్టేది ఆయనే. భుజం మీద రబ్బరు గొట్టం లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. "అమ్మాయ్, నీ దానికి కాలు పసుపెక్కింది, రా" అని కేకేశాడు.

మట్టి తవ్వి పోశారు, నీళ్ళతో కడిగారు. ఆలస్యమైపోయింది. ఆ కాలి బెరడు కిందనుంచి నల్లబడుతూ పైకి ఎక్కసాగింది. నలుపు పొట్ట దగ్గరికి చేరితే మిగిలిన మూడు కాళ్ళకూ మార్గం దొరికినట్టే. నాలుగింటికీ ప్రాణం ఒకటే కదా. పోనీ ఇప్పుడే ఆ కాలు కోసేద్దామా అంటే, మెడకూ తలకూ ఎక్కువ నీళ్ళు పోయేది అటునుంచే, పైగా ముందు బరువంతా దాని మీదే.

సరిగ్గా అప్పుడే సూపర్‌వైజరు మరో కబురు తెచ్చాడు. పార్కును బాగుచేసి కొత్తగా తెరుస్తున్నారట, పైవాళ్ళు వస్తారట. గోనెపట్టా చుట్టిన సిమెంటు గుర్రం ఒకటి లారీలో వచ్చి గేటు దగ్గర దిగింది.

"అది ఎక్కడికండీ?" అంది అక్క.

ఆయన ఫౌంటెను వైపు చూడకుండా చెప్పాడు. "మీది బతికితే దాన్ని ఇంకెక్కడో సర్దుతాను. బతకకపోతే ఆ చోటు ఖాళీగా చూపించలేను కదమ్మా. వానలు వెళ్ళేదాకా ఆపగలను. అంతకంటే నా చేతిలో లేదు."

ఆ సాయంత్రం బావ ఏదో జోకు వేయబోయి, ఆవిడ మొహం చూసి, మిషను తొక్కుతూ ఉండిపోయాడు. కుట్టాల్సిందేమీ లేదు. ఊరికే తొక్కాడు.

మర్నాడు అక్క నర్సరీలన్నీ తిరిగింది. జాతి అదే కావాలి, సన్నగా కావాలి, జంతువు భుజం అందేంత పొడుగు కావాలి. ఆకుపచ్చది ఎక్కడా దొరకలేదు. చివరికొకచోట అదే జాతిలో ఆకుల మీద తెల్లమచ్చలుండే రకం దొరికింది. దాన్నే తెచ్చింది. చచ్చిపోతున్న కాలికి కాస్త ఎడంగా గొయ్యి తవ్వి, కొత్త మట్టి పోసి నాటింది. పైన భుజం దగ్గర ఆ కాండాన్నీ ఈ కొమ్మనూ గీకి, రెండు పచ్చి ముఖాలనూ ఆనించి, పీలికలతో బిగించి, మైనం పూసింది.

"కాలు పోయినవాళ్ళకి కొయ్యకాలు పెడతారు" అన్నాడు గొట్టం బాబాయి. "కొయ్యకి కొయ్యకాలు పెట్టడం ఇక్కడే చూశాను."

వానలు పడ్డాయి. అక్క రోజూ వెళ్ళి పీలిక మీద చెయ్యి వేసి చూసి వచ్చేది, జ్వరం చూసినట్టు. అతుకు ఉబ్బింది. అంటే పట్టుకుంటోందన్నమాట. అంటు పట్టాక, అతుకు పైన కొత్త మొక్క సొంత కొస ఎంత మిగిలిందో అంతా కోసెయ్యాలి. అది పద్ధతి. లేకపోతే వేరు తెచ్చే బలమంతా ఆ కొసే తాగేస్తుందని, పాత ఒంటికి చుక్క కూడా దక్కదని తోటపని చేసేవాళ్ళందరి నమ్మకం.

అక్క కత్తెర పట్టుకుని నిచ్చెన ఎక్కింది. గొట్టం బాబాయి కింద పట్టుకున్నాడు. ఎంతసేపటికీ ఏమీ రాలలేదు.

"ఏమయిందమ్మాయ్?"

"బాబాయ్, ఈ కొస లోపలినుంచి దారి చేసుకుని వీపు మీదకొచ్చేసింది. మూపురం పక్కనుంచి బయటికి. ఇంత పొడుగు."

"మంచిది, కోసెయ్."

"తెల్లగా ఉంది బాబాయ్."

"తెల్లగా ఉన్నా కోస్తే పడుతుంది. కొయ్యి!"

ఆవిడ ఏమీ కోయకుండా దిగొచ్చేసింది. బాబాయికి మండుకొచ్చింది. "కాలు పెట్టావు, బాగుంది. ఆ కాలికి మళ్ళీ తలకాయ ఎందుకు? ఉన్న తల ఎండిపోతుంటే!"

"తలకాయ కాదు బాబాయ్." అక్క ఇంకా పైకే చూస్తోంది. "రెక్క."

ఆ మాట బయటికి వచ్చాక ఆవిడకే భయం వేసిందట. పద్ధతి తప్పితే జంతువు పోవచ్చు, పోతే ఆ చోట సిమెంటు గుర్రం లేస్తుంది. అది తెలిసే కత్తెర మూసింది. ఎందుకలా చేశావని నేను తర్వాత ఎన్నిసార్లు అడిగినా, "కోద్దామనే ఎక్కాను చెల్లీ" అనేది తప్ప ఇంకేమీ చెప్పలేదు.

రెక్క అన్నాక రెక్క ఎక్కడ మొలుస్తుందో చూడాలి కదా. నన్ను వెంటేసుకుని కోళ్ళ దుకాణానికి వెళ్ళింది.

"ఎంత కావాలమ్మా?"

"కోడి వద్దు బాబూ. రెక్క విప్పి చూపిస్తావా?"

దుకాణం అతను నా వైపు చూశాడు, ఈవిడకు బాగానే ఉందా అన్నట్టు. నేను తలూపాను. అతను గంపలోంచి ఒక కోడిని తీసి రెక్క సాచి పట్టుకున్నాడు. అక్క వేలితో తడుముతూ పోయింది. భుజం, మోచెయ్యి, మణికట్టు. "ఇది చెయ్యే" అంది ఆశ్చర్యంగా. "చెల్లీ, చూడు, మన చెయ్యే ఇది! వేళ్ళు కూడా ఉన్నాయి, కలిసిపోయాయంతే." కోడి మెడ పక్కకు తిప్పి మమ్మల్ని అనుమానంగా చూసింది. అతనూ వంగి చూశాడు. రోజూ కోసేవాడు, ఆ రోజు చూశాడు. కాసేపటికి తన చెయ్యి మడిచి, ఆ రెక్క పక్కన పెట్టి పోల్చుకుంటున్నాడు. వెనక నిలబడ్డవాళ్ళు "మాకు తొందరుంది" అని గొణిగేదాకా ముగ్గురమూ అక్కడే ఉన్నాం.

ఇంటికొచ్చి బావను అడిగింది. "చొక్కాకి చెయ్యి ఎక్కడ అతికిస్తావు?"

"ఇన్నాళ్ళ కాపురంలో నా పని గురించి అడగడం ఇదే!" అని బావ సుద్దముక్క తీసుకుని లేచాడు. "చంక కిందికి కోస్తే, చెయ్యి ఎత్తినప్పుడల్లా చొక్కా మొత్తం లేస్తుంది. పైకి కోస్తే చెయ్యి ఒక్కటే లేస్తుంది, ఒళ్ళు ఒళ్ళులా ఉంటుంది. నీ దానికి ఏం కావాలి?"

"చెయ్యి ఒక్కటే లేవాలి."

"అయితే ఇక్కడ." వీపు తిప్పి, "మరదలా, గియ్యి" అని సుద్ద నా చేతికిచ్చాడు. మెడ ఎముక నుంచి భుజం వెనగ్గా ఎక్కడ గీయాలో చెబుతుంటే గీశాను. అక్క ఆ గీతను, బావ చెయ్యి ఎత్తుతూ దించుతూ ఉంటే, కళ్ళార్పకుండా చూసింది.

"ఎగురుతుందా ఇంతకీ?" అన్నాడు బావ, చెయ్యి ఎత్తే ఉంచి. "ఒక్క రెక్కతో?"

"ఎగరడానికి కాదు. వీపు మీద పిట్టపిల్లలుంటాయిగా. ఎండకీ వానకీ కప్పుకోడానికి."

బావ చెయ్యి మెల్లగా దించాడు. "అలా అయితే ఒక్కటి చాలు" అన్నాడు.

అక్క ఆ తెల్ల కొసను భుజం పైగా వంచి, వెదురు బద్దతో ఊతమిచ్చి, మోచేతి దగ్గర ఒక మడత, మణికట్టు దగ్గర ఒక మడత పెట్టింది. ఒళ్ళంతా దట్టంగా కత్తిరించినా రెక్కను మాత్రం కత్తిరించకుండా ఈకల్లా వదులుగా వదిలింది.

వానలు వెనకపట్టు పట్టేసరికి నలుపు మోకాలు దాటింది. ఇక ఆగడానికి వీల్లేదు. రంపం తెచ్చారు. సూపర్‌వైజరు కూడా వచ్చి నిలబడ్డాడు. గొట్టం బాబాయి కోస్తానన్నాడు. అక్క ఇవ్వలేదు. పాత కాలు కోసి తీసేసింది. జంతువు కాస్త కుంగి, సన్నటి తెల్లమచ్చల కాలు మీదికి బరువు మోపి, నిలిచింది.

మూడో వంతు ఆకు ఆ వారంలోనే రాలింది. తర్వాత మెడ. తర్వాత తల, వీపు, తోక. ఆ జాతి మొక్క బెదిరితే ఆకు విడిచేస్తుందని అక్కకు తెలుసు. చచ్చిపోయినా అలాగే విడుస్తుందని కూడా తెలుసు. ఒకప్పుడు రాలినదాన్ని చూసి పైన ఏమవుతోందో చెప్పిన మనిషి, ఇప్పుడు ఆ ఆకుల వైపు చూడకుండా ఊడ్చేది. ఇంట్లో అన్నం కలిపి అలాగే లేచిపోయేది.

ఆకంతా రాలాక జంతువు ఎముకలు బయటపడ్డాయి. సిమెంటు గుర్రానికి గోతులు తవ్వడానికి మనుషులు వచ్చిన పొద్దున బావ తన గది మూసేసి పార్కుకు వచ్చాడు. వచ్చి, దాని ముందు ఆగిపోయాడు. పారలు పట్టుకున్నవాళ్ళు వాటి మీద ఆనుకుని చూస్తున్నారు.

ఇన్నాళ్ళూ ఆకుల కింద దాగిన పనంతా కనిపిస్తోంది. పక్కటెముకల్లా వంగి ఒకదాన్నొకటి పట్టుకున్న కొమ్మలు. మెడ పొడుగునా జడలా అల్లుకుని ఒకటైన కాండాలు. మూపురంలో ఖాళీ గూడు. ఆ బోడి బూడిదరంగు ఎముకల మధ్యగా, నేల నుంచి లేచి, భుజంలో దూరి, వీపు మీద బయటికి వచ్చి, ఒక్క ఆకు కూడా రాల్చని తెల్లమచ్చల రెక్క. కాలే రెక్క. కింద అడుగు, పైన ఈక, మధ్యలో తెగకుండా ఒకే కొయ్య.

"దీని లోపల ఇంత కుట్టు ఉందా!" అన్నాడు బావ. "ఏమే, నాకెప్పుడూ చెప్పలేదేం?"

సూపర్‌వైజరు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "ఇందులో ఏది ఏ మొక్కో చెప్పగలరామ్మా?"

"నాటింది నేనే. ఇప్పుడైతే నాకూ తెలీదండీ."

"బతికుందా?"

గొట్టం బాబాయే అందుకున్నాడు. "రెక్క బతికుందండీ, అది కొత్త మొక్క సొంత ఆకు కాబట్టి. పాత ఒంటికి అందుతోందో లేదో గిల్లితే తెలుస్తుంది. ఈ జాతికి పాలుంటాయి. కొస దాకా పాలుంటే ఉన్నట్టు." అక్క వైపు తిరిగాడు. "గిల్లమ్మాయ్."

"నేను గిల్లను బాబాయ్. లేకపోతే?"

"లేకపోతే తెలుస్తుంది" అన్నాడు బావ మెత్తగా. "రా. నేను పట్టుకుంటాను."

నిచ్చెన మెడకు ఆనించారు. అక్క పైకెక్కి, కొత్త కాలికి అన్నిటికంటే దూరంగా ఉన్న చోటు, మూతి కొసన ఎండుపుల్లలా ఉన్న కొమ్మను బొటనవేలి గోటితో గీకింది. కింద మేమంతా తలలెత్తి ఉన్నాం. ఏమీ లేదు. ఆవిడ కళ్ళు మూసుకుంది. బావ నిచ్చెన మీద చేతులు బిగించాడు.

"అమ్మాయ్, కళ్ళు తెరువు" అన్నాడు గొట్టం బాబాయి.

గోటిగీత మీద తెల్లటి చుక్క. ఆవగింజంత. మేము చూస్తుండగానే అది నిండి, బరువెక్కి, మూతి నుంచి జారి కింద బావ చేతి మీద పడింది. వేరు నుంచి, కొత్త కాలిలోంచి, భుజం అతుకు దాటి, అంత మెడా ఎక్కి వచ్చిన చుక్క. బావ చెయ్యి తుడుచుకోలేదు.

పద్ధతి ప్రకారం ఆ కొస కోసేసి ఉంటే కొత్త వేరుకు తాగి పైకి లాగే ఆకు ఒక్కటీ మిగిలేది కాదేమో, రెక్కే లాగి లాగి ఒంటికి దారి తెరిచిందేమో అని గొట్టం బాబాయి అన్నాడు. ఆయన కూడా ఖాయంగా చెప్పలేదు. అక్కకు అసలు వినిపించలేదు.

సూపర్‌వైజరు పారల వాళ్ళను పిలిచి, "గేటు దగ్గరే పెట్టండి ఆ గుర్రాన్ని" అన్నాడు. తర్వాత అక్క దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "పైవాళ్ళు వచ్చి ఇదేంటని అడిగితే ఏం చెప్పనమ్మా?" అన్నాడు.

"ఆకు మార్చుకుంటోందని చెప్పండి. పాములు కుబుసం విడుస్తాయిగా."

"పాము కూడా ఉందా ఇందులో?" అని ఆయన నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు.

పైవాళ్ళు వచ్చారు, వెళ్ళారు. దాని ముందు ఎక్కువసేపు నిలబడ్డారని విన్నాను. అడగాల్సినవేవో అడగకుండా వెళ్ళారని కూడా విన్నాను.

ఎండలు మొదలయ్యే వేళకు వీపు మీద మొదటి చిగురు వచ్చింది. తర్వాత మెడ మీద, ఆ తర్వాత చెవి దగ్గర ఒక ఎర్రటి మొన. చూస్తుండగానే ఎముకలన్నీ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాయి. మొదటి కత్తిరింపుకు అక్క నన్ను రమ్మంది, బావకు పెళ్ళిళ్ళ బట్టలు కుట్టే తొందర. ఆవిడ నిచ్చెన ఎక్కి చెవి దగ్గర పని మొదలుపెట్టింది. నేను ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, ఆసరా కోసం రెండో చేతిని ఆ తెల్ల కాలి మీద వేశాను.

గాలి వచ్చింది. దట్టంగా కత్తిరించిన ఒళ్ళు కదల్లేదు. వదులుగా ఉన్న రెక్క మాత్రం మోచేతి దగ్గర నుంచి మెల్లగా విప్పుకుంటూ లేచింది. లేచినప్పుడు, నా అరచేతి కింద ఆ కాలిలో, ఒక బరువు ఎత్తుకుంటున్నట్టు సన్నటి వణుకు పైకి పాకింది. చెయ్యి తీసేద్దామనుకున్నాను. తీయలేకపోయాను.

"అక్కా, ఇది కదిలింది."

"ఊఁ" అంది పైనుంచి, కత్తెర ఆపకుండా. "నిచ్చెన వదలకు."